మిషనుకు చెప్పిన కథ

"పాఠకుల మనసు తాకడం ఎలా?" అని మొన్నొక సభలో గంటన్నర మాట్లాడారు. మాట్లాడిన నలుగురిలో ఒక్కరు కూడా ఎదురుగా కూర్చున్నవాళ్ళ వైపు చూడలేదు. ఒకాయన కాగితంలోంచి తల ఎత్తలేదు, ఇంకొకాయన పైనున్న ఫ్యానుతో మాట్లాడాడు. నా వంతు వచ్చేసరికి ఒళ్ళు మండిపోయి, చెప్పాల్సింది చెప్పకుండా వాళ్ళని నాలుగు తిట్టి దిగిపోయాను. తిట్టడం తేలిక. అదే తప్పు నేనూ చేశానని ఒప్పుకోవాలంటేనే నోరు రాదు.

డెబ్భైల మొదట్లో అరకులోయలో పంతులమ్మగా పనిచేశాను. బి.ఏ. పాసై, వారపత్రికల్లో రెండు కథలు అచ్చయ్యేసరికి, లోకానికి కథ చెప్పడం నేర్పడానికే పుట్టానన్న ధీమా నాకు. బడికి పైన కొండవాలులో చిన్న పల్లె ఉండేది. చింతపండు రోజుల్లో ఆదివారం మధ్యాహ్నాలు అక్కడి ఆడవాళ్ళూ చుట్టుపక్కల కొండలవాళ్ళూ ఒక పాకలో చేరి, రాళ్ళతో కాయ కొట్టి పిక్కలు తీసేవారు, సంతకు పట్టుకెళ్ళడానికి. వాళ్ళ మధ్య కూర్చుని ఒక అవ్వ కథ చెప్పేది. ఆవిడ రెండు కళ్ళనూ పొరలు కమ్మేశాయి. చేతులు మాత్రం చూపున్నవాళ్ళ చేతులకంటే చురుకు.

ఆ పాకలో ఒక కట్టుబాటు ఉండేది. కథ ఎత్తుకోక ముందే ఎవరో ఒకరు ఊ కొట్టడానికి ఒప్పుకోవాలి. ప్రతి మాటకీ ఊ పడాలి. ఆలస్యమైతే అవ్వ వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పేది. గట్టిగా పడితే అక్కడే ఇంకాస్త సాగదీసేది. ఊ కొట్టే మనిషి ఏ కొండ దిగి వచ్చిందో కథలో పులి ఆ కొండ మీదే తిరిగేది, ఆమె నీళ్ళు తెచ్చుకునే గెడ్డలోనే దాహం తీర్చుకునేది. నా వంతు వచ్చిన రోజున పులి మా బడి వెనకాల పడుకుంది.

"పంతులమ్మ పాటం సెప్తంటే దానికి నిద్దరొచ్చీసింది," అంది అవ్వ. పాకంతా ఒకటే నవ్వు.

పట్నంలో జానపద కథలు పోగుచేసే ఒక పెద్దమనిషికి ఈ సంగతి నేనే గొప్పగా ఉత్తరం రాశాను. ఆయన టేపురికార్డరు పట్టుకుని కిరండోల్ రైలు దిగాడు. అవ్వ కథ పుస్తకంలోకి ఎక్కుతుంది, దానితోపాటు నా పేరూ ఎక్కుతుంది. అదీ నా ఆశ. అవ్వని నేనే ఒప్పించాను.

ఆయన పాకలోకి వస్తూనే ముక్కు చిట్లించాడు. "ఆ రాళ్ళ చప్పుడు ఆపమనండి. వీళ్ళందరినీ బయటికి పంపండి. ఊ ఊ అని ఆ మూలుగొకటి, అది టేపులో పడకూడదు."

మూలుగట! అప్పుడే ఆ మిషను ఎత్తి గెడ్డలో పారేయాల్సింది. నేనేం చేశాను? "అలాగేనండీ" అని అందరినీ బయటికి తోలాను.

అవ్వ మొదలుపెట్టింది. ఒక మాట చెప్పి ఆగింది. ఇంకో మాట చెప్పి మళ్ళీ ఆగింది. తల అటూ ఇటూ తిప్పింది.

"పంతులమ్మా, ఎవులున్నారు?"

"నేనున్నానవ్వా. చెప్పు."

"మరి ఊ అనవేటి?"

"అనకూడదట. తల ఊపుతున్నాను కదా, నువ్వు చెప్పు."

చూపు లేని మనిషితో అన్నాను, తల ఊపుతున్నానని! ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. అవ్వ చేతిలో పిక్కని వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది.

"మరిచిపోయినట్టుంది పాపం," అన్నాడాయన గడియారం చూసుకుంటూ. "నాకు బండి టైమవుతోంది. కథ మీకు తెలుసుగా, మీరే చెప్పేయండి. క్లుప్తంగా, శుభ్రమైన భాషలో."

చెప్పేశాను. అవ్వ ఎదురుగానే. అనగనగా ఒక కొండ మీద ఒక పులి అని ఎత్తుకుని, ఎక్కడా తడబడకుండా, చివర్లో ఒక నీతి కూడా అతికించి మరీ చెప్పాను. "అద్భుతం" అన్నాడాయన. సిగ్గు వేయలేదు నాకు. పొంగిపోయాను.

వెళ్ళేముందు మర్యాదకి అందరినీ లోపలికి పిలిచి టేపు వినిపించాడు. ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని మిషను కేసి చూశారు. అవ్వ మాత్రం మొదటి మాట కాగానే "ఊ" అంది. మిషను ఆగలేదు. ఆవిడ ఊ మీదుగా నా గొంతు వెళ్ళిపోయింది. మళ్ళీ అంది, ఈసారి కాస్త ముందుగా. అయినా అందలేదు. నాలుగైదుసార్లు దాని వెనకాల పడి, ఇక మానేసింది.

"ఏటి గుంటా అంత తొందర? నిన్నెవులు తరుముతన్నారు?" అని మిషనులోని నా గొంతుని అడిగింది.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి రాళ్ళు మోగుతున్నాయి, కథ లేదు. చెప్పవా అవ్వా అని అడిగాను.

"పెట్టిలో పెట్టీసినావు కదా. ఇంకా నాకాడేటుంది?"

"నువ్వే సెప్పు పంతులమ్మా," అంది పక్కావిడ నవ్వుతూ, "అవ్వ ఊ కొడతాది."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "అనగనగా ఒక కొండ మీద..."

"ఏ కొండ?" అంది అవ్వ.

"ఏదో ఒక కొండ."

ఊ రాలేదు. ఆగాను. ఆవిడ కోప్పడలేదు, నవ్వలేదు, నా వైపు ముఖం పెట్టి కూర్చుంది. ఒక కొండ పేరు చెబితే చాలు. కానీ ఎదురుగా ఉన్న పదిమందిలో ఎవరిది ఏ కొండో నాకు తెలియదు. రెండేళ్ళు వాళ్ళ మధ్య కూర్చుని విన్నాను, ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు. ఒక్క ఊ అంటే ఆవిడ సొమ్మేం పోయింది అని ఇల్లు చేరేదాకా తిట్టుకున్నాను.

ఆ తర్వాత నేను గుమ్మంలో కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు "పంతులమ్మొచ్చింది" అనేవారు, కథ ఆగిపోయేది. ఒకనాడు బడి లేని మధ్యాహ్నం దొంగలా పైకెక్కి, పాక వెనక తడిక పక్కన నిలబడ్డాను. లోపల పులి ఒక గెడ్డ దాటుతోంది. ఊ పడుతోంది. ఊపిరి బిగపట్టి వింటున్నాను. నా కాలికింద ఎండుటాకు నలిగింది.

అవ్వ ఆగింది.

"ఎవులది? ఎనకాల నిలబడి ఇంటన్నావు, ఊ అనవేటి?"

తడిక అవతల రాళ్ళ చప్పుడు ఆగింది. ఒక్క ఊ అంటే సరిపోయేది. ఆవిడ నాకిచ్చిన అవకాశం అదేనని నాకు తెలుసు. బి.ఏ. పాసైనదాన్ని, రెండు కథలు అచ్చైనదాన్ని, నోరు బిగించుకుని చప్పుడు చేయకుండా కొండ దిగి వచ్చేశాను.