ఖమీస్ అని రాసిన పొట్లం

మందు వేసుకోవడానికి మీరు వారం చూస్తారా? నవ్వకండి. ముహూర్తాలు దండగని ముప్పై ఏళ్లు సభల్లో గొంతు చించుకున్న నేను, మొన్న మూడు రోజులు గురువారం కోసం కాచుక్కూర్చున్నాను.

సోమవారం మా అక్కకు జ్వరం, దగ్గు. మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌లో మా ఫ్లాట్ల కిందే ఉన్న క్లినిక్‌కు తీసుకెళ్లాను. ఇక్కడ డాక్టరు చూసిన చోటే మందులూ ఇస్తారు. చీటీ పట్టుకుని దుకాణానికి పోయే పని ఉండదు. డాక్టరు ఊపిరి విన్నాడు. ఇది చాలావరకు వైరస్ అనీ, దానిమీద యాంటీబయాటిక్ పనిచేయదనీ, అయినా ఒక పొట్లం ఇస్తాననీ, వెంటనే మాత్రం వాడొద్దనీ చెప్పాడు. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. అనవసరంగా మింగితే క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయని నేనూ ఒకప్పుడు వ్యాసం రాశాను. ఆ సంతోషంలో తర్వాత ఆయన ఏం చెప్పాడో సరిగా వినలేదు. కౌంటర్ దగ్గర మిస్సీ, అంటే నర్సమ్మాయి, పొట్లం మీద నల్ల ఇంకుతో 'ఖమీస్' అని రాసి ఇచ్చింది. మలయ్‌లో గురువారం.

అక్క ఆ పొట్లాన్ని కళ్లకద్దుకుంది.

"మంచి రోజు సూసే రాసినాడు. బుద్ధిమంతుడు."

"మంచి రోజేటక్కా? మూడ్రోజులు ఆగమన్నాడు, అంతే."

"నానేటన్నాను? ఆగాల, గురువారం ఏసుకోవాల. నాను ఆగితే మూఢనమ్మకం, నీ డాక్టరు ఆగమంటే సైన్సా, తమ్ముడా?"

జవాబు తర్వాత చెప్పొచ్చని పొట్లం తీసి అలమరలో పెట్టాను.

మంగళవారం దగ్గు ఎక్కువైనట్టు వినిపించింది. పొట్లం విప్పుదామా? విప్పితే డాక్టరు మాట కాదన్నట్టు. విప్పకపోతే ఒక వారం పేరుకు దండం పెట్టినట్టు. ఎందుకు ఆగుతున్నామో నాకు తెలుసు. ఏం చూడటానికి ఆగుతున్నామో తెలియదు. ఈ రెండూ ఒకటే అనుకుని ఇన్నాళ్లూ వాదించానా?

బుధవారం మా మూడో అంతస్తు మెట్లెక్కుతూ అక్క రెండుసార్లు ఆగి రొప్పింది.

"ఏటి అలా సూస్తన్నావు? రేపే కదా గురువారం," అంది.

నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నాను.

గురువారం పొద్దున చేయి పెట్టి చూస్తే ఒళ్లు చల్లగా ఉంది. దగ్గు సగానికి సగం తగ్గింది. అయినా అక్క స్నానం చేసి, దీపం పెట్టి, మాత్ర అరచేతిలో పట్టుకుని కూర్చుంది.

"జొరం నేదు కదక్కా. ఇంకెందుకు?"

"రోజు ఎట్టినాక ఏసుకోకపోతే తప్పు. డాక్టరు ఊరకే ఇస్తాడేటి?"

"ఉండు, అడుగుతాను."

"అడుగు. అందరికీ సెప్పడమే గానీ, నువ్వు ఒకర్ని అడగడం నాను సూడనేదు."

క్లినిక్‌కు ఫోన్ చేశాను. మిస్సీ, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో సహా, తమిళంలో విసుక్కుంది. "అది తినే రోజు కాదు లా, అంకుల్. అప్పటికీ తగ్గకపోతేనే తినాలి. తగ్గిందా? అయితే వద్దు, తెచ్చి ఇచ్చేయండి. మధ్యలో ఆయాసం వస్తే ఆగకుండా రమ్మని డాక్టర్ చెప్పారు కదా?"

చెప్పే ఉంటాడు. అప్పుడు నేను నా వ్యాసం గురించి ఆలోచిస్తున్నాను. మెట్ల మీద రొప్పు గుర్తొచ్చి వెంటనే ఫోన్ పెట్టేశాను.

మాత్ర అక్క చేతిలోంచి తీసుకుని, ఆ పూటే ఆమెను మళ్లీ తీసుకెళ్లాను. డాక్టరు చాలాసేపు విని, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నాడు. ఆ రొప్పు జబ్బుదో వయసుదో ఇప్పుడు తేల్చలేనన్నాడు. "నిన్ననే రావాల్సింది," అన్నాడు, అంతే. పొట్లం తిరిగి ఇచ్చేశాం. అక్కకు నయమైంది. కానీ ఆగినందుకు నయమైందా, లేక ప్రమాదాన్ని చూస్తూ కూడా నేను ఆగినా అదృష్టం కొద్దీ నయమైందా? అదృష్టమనే మాట నా కలం నుంచి రావడం నాకే వింతగా ఉంది. కొట్టేద్దామంటే, దాని చోట పెట్టడానికి వేరే మాట దొరకడం లేదు.

నా అయోమయం సంగతి వదిలేయండి. మీరు ఒక పని చేయండి. డాక్టరు మందిచ్చి ఆగమంటే, కౌంటర్ దగ్గరే నిలబడి అడగండి: ఏం కనిపిస్తే వేసుకోవాలి, ఏం కనిపిస్తే పరిగెత్తుకు రావాలి? ఆ రెండు గుర్తులూ పొట్లం మీద రాయించుకోండి. రాసేదాకా అక్కడి నుంచి కదలకండి.