నాచారం చర్చిలో సుందరం బొమ్మ

నాచారంలో కొత్తగా కట్టిన చర్చిలో కోత పండుగ చూసి వస్తానని ఇంట్లో చెప్పి బయలుదేరాను. అసలు కారణం సుందరం. బొమ్మలు నేర్చుకునే రోజుల్లో నా పక్కన కూర్చున్నవాడు. కోత పండుగకు ఆ చర్చివాళ్లు మా చిత్రకారులను కొందరిని పిలిచి, చర్చినీ దాని చుట్టూ ఉన్న బండలనూ చూసి తలా ఒక బొమ్మ వేసిమ్మన్నారు. నేనూ ఇచ్చాను, వాడూ ఇచ్చాడు. వాడిది బ్రహ్మాండంగా ఉందని చూసి వచ్చినవాళ్లంతా నాతోనే చెబుతారు. నాది ఎలా ఉందని అడిగితే ఎండల గురించి మాట్లాడతారు. ఇక కళ్లారా చూడకపోతే నిద్ర పట్టేలా లేదు.

కోఠిలో పొద్దున ఏడింటికి బస్సెక్కితే మా అంబర్‌పేట, రామంతాపూర్ మీదుగా గంటలోపే ఉప్పల్ చేరతారు. అక్కడి నుంచి నాచారానికి రిక్షా అర్ధరూపాయి. "గోపురం లేని సర్చే గద సారూ? మొదట్ల గోదాం అనుకున్న. లోపల మాత్రం మస్తు సల్లగుంటది" అన్నాడు రిక్షా అతను. నిజమే. నగిషీ అన్నది లేని కాంక్రీటు గోడలు, ఒక పక్కకు వాలిన కప్పు, సన్నటి నిలువు కిటికీలు. ఏ కిటికీలోంచి చూసినా బయట ఒక బండ కనిపిస్తుంది. చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చోవాలి.

లోపల గోడకు తగిలించిన నా బొమ్మలో చర్చి మొత్తం ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. సుందరం బొమ్మలో చర్చి దాదాపు లేనే లేదు. బండ మీద ఆరబోసిన వడ్లు, వాటి మీద వాలిన చర్చి నీడ. అంతే. నేను మూడు రోజులు అదే బండ మీద కూర్చుని గోడలు కొలిచాను. ఆ వడ్లను కాలితో పక్కకు నెట్టి మరీ కూర్చున్నాను!

ఈ పండుగకు జనం తమ పంటలో మొదటి భాగం తెచ్చి దేవుడి ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటన్నిటినీ వేలం వేసి, వచ్చింది చర్చికి జమ చేస్తారు. గుమ్మడికాయలు, కోళ్లతో పాటు మా బొమ్మలూ వేలానికే. వంట దగ్గరున్న మరియమ్మ, "జర తిని పాట పాడుర్రి సారూ, ఉత్త కడుపుతోని గొంతు లేవది" అంటూ బగారన్నం వడ్డించింది.

గుమ్మడికాయకు పోటీ పడ్డారు. కోడిపుంజుకు కొట్టుకున్నంత పని చేశారు. నా బొమ్మ ఎత్తగానే అందరూ చల్లబడ్డారు. సంఘపెద్ద రెండుసార్లు అడిగాడు. చివరికి ఒకే ఒక గొంతు, "ఐదు రూపాయలు!" సుందరం. జాలి! వాడి బొమ్మ ఎత్తీ ఎత్తగానే అక్కడి ఫ్యాక్టరీ మేనేజరు ఒకాయన పది అన్నాడు. ఆయన కొంటే ఇక ఆయన ఇంటి గోడ మీద ఆ బొమ్మ, వచ్చిపోయేవాళ్ల నోళ్లలో సుందరం పేరు. నా నోరు ఊరుకోలేదు. పదిహేను అన్నాను. ఆయన ఇరవై అన్నాడు. జేబులో ఉన్నదంతా ఒక్కసారే పాడేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

సుందరం పరుగున వచ్చి వాటేసుకున్నాడు. "ఏంది బావా, నా బొమ్మ మీద నీకు గింత పానమా! నువ్వు గిట్ల కొంటవని కలల గూడ అనుకోలె" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. బస్సు డబ్బులు కూడా లేవని వాడితో ఎలా చెప్పను? పని ఉందని చెప్పి, ఆ బొమ్మను నెత్తిన పెట్టుకుని ఉప్పల్, రామంతాపూర్ దాటి అంబర్‌పేటలోని మా ఇంటిదాకా నడిచాను.

గోడకు తిప్పి పెడదామనుకున్నాను. రోజూ పొద్దున తిప్పుతాను, సాయంత్రానికి నేనే మళ్లీ ఇటు తిప్పుకుని చూస్తాను. ఆ వడ్ల మీది నీడ ఎలా వేశాడో ఇప్పటికీ అంతుబట్టదు. వాడిని అడగను కూడా. నా బొమ్మ మాత్రం వాడింట్లో గుమ్మం ఎదురుగానే ఉందట. ఆ చర్చిని తప్పక చూడండి, కోత పండుగ రోజైతే మరీ మంచిది. ఒక్క జాగ్రత్త: బస్సు డబ్బులు వేరే జేబులో దాచుకోండి. మీ స్నేహితుడు కూడా బొమ్మ ఇచ్చి ఉంటే, వేలం మొదలవకముందే బస్సెక్కేయండి.