అన్న గుండుకి రెండు కారణాలు

రెడ్డియార్‌పాళయంలో మాకు గుడ్డలంగడి ఉంది. ఎనభైల మొదట్లో ఒకరోజు పొద్దున ఒకామె వచ్చి తెల్ల గుడ్డ అడిగింది. కత్తిరిస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఆ గుడ్డ నా శవానికేనని, ఆమెని ఎవరో పంపారని నాకు తెలిసిపోయింది. అనిపించడం వేరు, ఇట్లా తెలిసిపోవడం వేరు. ఈ జబ్బు రానివాళ్ళకి ఆ తేడా చెప్పడం కష్టం.

తర్వాత అంగడికొచ్చే ప్రతి మనిషీ సైగ చేస్తున్నట్టే ఉండేది. చెవిలో ఎవరివో గొంతులు వినిపించేవి. వదిన పెట్టే కూడులో విషముందని తినడం మానేశాను. నాయన పక్కన కూర్చుని, నా కంచంలో మొదటి ముద్ద తాను తినేవాడు. "చూడు రా, నాకేమన్నా అయిందా? తిను" అనేవాడు. అట్లా అయితేనే తినేవాణ్ణి.

పెద్దాసుపత్రిలో బ్లడ్ టెస్టులు చేశారు, తలకి వైర్లు పెట్టి ఈఈజీ తీశారు. అన్నీ నార్మల్. "స్కిజోఫ్రీనియా. మందులు చాలాకాలం వాడాల" అని డాక్టరు నాయనకి చెప్పి అడ్మిట్ చేసుకున్నాడు. ఇంజెక్షన్లతో చెవిలో గొంతులు తగ్గాయి. చేతులు వణికేవి, నోట్లో జొల్లు కారేది. అనుమానం మాత్రం పోలేదు.

అప్పుడు సైకాలజిస్టు మేడమ్ మాలో కొందరిని కూడేసి ఒక గ్రూపు పెట్టింది. సరిగ్గా ఆలోచించడం నేర్పే గ్రూపు. మా ఊళ్ళో బయట భాష అరవమే కాబట్టి అందరం అందులోనే మాట్లాడేవాళ్ళం. మొదట రంగు కార్డులు వేరు చేయించింది. తర్వాత బొమ్మలు. రోడ్డు పక్కన నిలబడిన మనిషి బొమ్మ పెట్టి, "ముందు చూసింది చెప్పండి. అనుకున్నది తర్వాత" అనేది.

"నా కోసం కాపు కాస్తా ఉండాడు" అన్నాను.

"బస్సు కోసమేమో, తంబీ" అన్నాడు మురుగన్. తేంగాయితిట్టు రేవులో చేపల వేలం పాడేవాడు, నాకంటే పెద్ద. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దేనికైనా ఇంకో కారణం వెతకాలి, ఆపైన నమ్మకమైనవాళ్ళని అడగాలి. పాఠం అంతే. అది చేసేటప్పటికి నాకు చొక్కా తడిసిపోయేది.

ఆదివారాలు నాయన క్యారియర్లో కూడు తీసుకుని వచ్చేవాడు. ఉన్నట్టుండి రావడం మానేశాడు. కొన్నాళ్ళకి అన్న వచ్చాడు, గుండుతో, మీసం లేకుండా.

"నాయన యాడ?"

"సరుక్కని మద్రాసు పోయినాడు రా."

"గుండేంది?"

"తిరపతి పోయొచ్చినా. నీకు బాగుకావాలని గుండు మొక్కుకోనుంటి."

నాయన చచ్చిపోయాడని నా మనసు చెప్పింది. గ్రూపులో ఆ మాటే చెప్పాను. మేడమ్ బోర్డు మీద రాసింది. చూసింది గుండు. కారణం ఒకటి చావు, రెండు మొక్కు.

"అన్నని అడిగావా?"

"అడిగినా. తిరపతన్నాడు."

"మీ అన్న అబద్ధాలాడతాడా?"

"ఆడడు."

అందరూ మొక్కే అన్నారు. మురుగన్ భుజం తట్టాడు. నా అనుమానాన్ని నేను గెలిచింది అదే మొదలు. ఆ పూట కడుపునిండా తిన్నాను.

డిశ్చార్జయి ఇంటికి పోతే నాయన ఫోటోకి దండ వేసుంది. అమ్మ నుదుట బొట్టు లేదు. నాయన గుండె ఆగిపోయి అప్పటికే నెల దాటింది. "చెప్తే నీ జబ్బు ముదురుతాదని పెద్దోళ్ళు వద్దన్నారు రా" అని అన్న ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ కార్డులు, ఆ బోర్డు, అందరూ కలిసి ఆడిన నాటకమేనని నమ్మి మాత్రలు పారేశాను. గొంతులు తిరిగొచ్చాయి. మళ్ళీ వార్డు.

మేడమ్ నా మంచం పక్కన కూర్చుంది. "నువ్వు సరిగ్గానే ఆలోచించావు, సరిగ్గానే అడిగావు. నీకొచ్చిన జవాబు తప్పు. నేనైనా మీ ఇంట్లో కనుక్కోవాల్సింది" అంది. అన్నని గ్రూపుకి పిలిపించింది.

అన్న అందరి ముందూ నిలబడి, "నాయన పోయినాడు రా. కొరివి నేనే పెట్టినా. నువ్వు లేవు" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. చాలాసేపు ఎవరూ ఆపలేదు.

ఇప్పుడు అంగట్లో మళ్ళీ గుడ్డ కొలుస్తున్నాను. మాత్రలు మానను. వణుకు పూర్తిగా పోలేదు. పెళ్ళి కాలేదు. అనుమానం వచ్చిన రోజు అన్నని అడుగుతాను. మొన్న అమ్మ ఎందుకు ఆయాసపడుతోందని అడిగితే, దాచకుండా, "గుండె బలహీనంగా ఉందంట రా" అన్నాడు. బాధపడ్డాను. ఆ పూట కూడా అంగడికి పోయాను.

మీ ఇంట్లో ఇట్లాంటి రోగి ఉంటే ఒక్క పని చెయ్యండి. చావు కబురైనా సరే, డాక్టరుని పక్కన పెట్టుకుని వెంటనే చెప్పండి. వీలైతే స్మశానం దాకా తోడు తీసుకుపొండి. నేను నాయన్ని ఆఖరిసారి చూసింది వార్డు కిటికీలోంచి, ఖాళీ క్యారియరు పట్టుకుని గేటు వైపు నడిచిపోతుంటే.