జములమ్మ అడగాల్సిన ప్రశ్న

ఏళ్ల తరబడి ఒక మాట మింగుకుని బతుకుతున్నాను. మింగానన్న మాటే గానీ అది కడుపులోకి దిగలేదు, గొంతులోనే ఉండిపోయింది. అమ్మకు చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. నేను చేస్తున్న ఉద్యోగం నా స్నేహితురాలికి రావాల్సింది. ఆమె నోట్లోని ప్రశ్నను లాక్కుని దాంతో సంపాదించుకున్నాను. లాక్కున్నాక ఆమె నోరు కూడా మూయించాను.

ఇంత చిన్న విషయానికా అంటారేమో. నేనూ చాలాకాలం నాకు నేను అదే చెప్పుకున్నాను. ప్రశ్నే కదా, పొలమా, బంగారమా? అలా చెప్పుకున్న రోజు కాస్త నిద్ర పట్టేది. ఇప్పుడు అదీ లేదు.

ఆమె పేరు జములమ్మ. మా గద్వాల దిక్కు జములమ్మ అనే అమ్మవారు ఉంది, ఆ పేరు పెట్టుకున్న ఆడపిల్లలు చాలామందే ఉంటారు. వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీలో జమున అని చెప్పుకునేది. నేను మాత్రం ఉడికించడానికి అందరి ముందూ జములమ్మా అని గట్టిగా పిలిచేదాన్ని. క్లాసులో ఆమె లేచిందంటే మేమంతా తలలు పట్టుకునేవాళ్లం. అర్థం కాని సంగతి అర్థమయ్యేదాకా లెక్చరర్‌ను వదిలేది కాదు. వాళ్లది వడ్డేపల్లి దగ్గర పల్లె. కంపెనీలకు పత్తి విత్తనం పండించే రైతులు. మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. నాన్నకు చూపు తగ్గింది. ఆయన మగ్గంలో నన్ను కూర్చోబెట్టాలని ఇంట్లో మాటలు మొదలయ్యాయి. చచ్చినా కూర్చోనని నా పంతం.

డిగ్రీ అయిపోయాక ఒక విత్తనాల కంపెనీ గద్వాలలో ఇంటర్వ్యూలు పెట్టింది. పల్లెలు తిరిగి విత్తనపు పత్తి చేలు చూసుకునే ఉద్యోగం. ఉన్నది ఒక్కటే పోస్టు. ఇద్దరమూ దరఖాస్తు పెట్టుకున్నాం. ముందురోజు జములమ్మ మా ఇంటికి వచ్చి ఉంది. సాయంత్రం మిద్దె మీద జొన్నరొట్టె తింటూ ఒకరినొకరం పరీక్షించుకున్నాం. చివర్లో మిమ్మల్నే ఏమైనా అడగమంటారు, ఏమీ లేదనకండి, జీతం మాట ముందే ఎత్తకండి, పని గురించి అడగండి అని కాలేజీలో మేడం మరీమరీ చెప్పి పంపింది. నేను కొన్ని బట్టీ పట్టాను. ఎవరి కింద పనిచేయాలి, మొదటి ఏడాది నా నుంచి ఏం ఆశిస్తారు, ఇలాంటివి.

“ఏందే గది, టీవీల వార్తలు చదివినట్లు!” అని జములమ్మ పడిపడి నవ్వింది.

“మరి నువ్వేం అడుగుతవో చెప్పు, చూస్త,” అన్నాను.

నవ్వు ఆపింది. “నేను ఒక్కటే అడుగుత. విత్తనం ఫెయిలైతె, ఎందుకు ఫెయిలైందో రైతుకు ఎవరు చెప్తరు? నేనే చెప్పాలంటె నాకెవరు చెప్తరు?”

ఎందుకలా అడుగుతుందో కూడా చెప్పింది. విత్తనపు పత్తి పని మీకు తెలియకపోవచ్చు. సాయంత్రం పూట ఆడ మొక్కల మొగ్గల్ని చేత్తో వలిచి, వాటి సొంత పుప్పొడి తీసేసి ఉంచాలి. మరునాడు పొద్దున్నే మగ పువ్వు పుప్పొడిని వాటికి అద్దాలి. పూత ఉన్నన్నాళ్లూ రోజూ అదే పని. పండిన గింజను కంపెనీ పరీక్షకు పంపుతుంది. నెలల తర్వాత పాసో ఫెయిలో కబురొస్తుంది. ఫెయిలైతే దాన్ని విత్తనంగా తీసుకోరు, ఆ ఏడాది కష్టమంతా మట్టిపాలు. అంతకుముందు ఏడు వాళ్లది ఫెయిలైంది. ఎందుకని వాళ్ల నాయిన అడిగితే, ఫెయిలంటే ఫెయిలే, ఇంకేముంటుంది అన్నారట. వాళ్లమ్మ తన చెయ్యే మంచిది కాదనుకుంది. ఆ తర్వాత ఎవరు పిలిచినా పుప్పొడి అద్దే పనికి పోలేదు. తన చెయ్యి తగిలితే పక్కవాళ్లదీ పాడవుతుందని భయం. అది చెబుతూ జములమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం అబద్ధం కాదు, నమ్మండి.

తెల్లారి మా ఇద్దరిలో నన్నే ముందు పిలిచారు. లోపల ముగ్గురున్నారు. అడిగినవాటిలో సగం తెలియదన్నాను. నేతింటి పిల్లను, పత్తి నాకు దారంగా తెలుసు గానీ చెట్టుగా ఏం తెలుసు? పెద్దసారు గడియారం చూసుకుని, “ఏమన్న అడుగుతవా అమ్మా?” అన్నాడు. బట్టీ పట్టినవి నాలుక మీదే ఉన్నాయి. నోరు తెరిస్తే జములమ్మ మాట వచ్చింది. తెలిసి అన్నానా, జారిపోయిందా? ఇన్నేళ్లూ నాతో నేను వాదించుకున్నాను, తేలలేదు. కాదు కాదు, తేలింది. జారిన మాటయితే “మా చుట్టాలింట్ల జరిగింది సార్” అని ఎందుకు మొదలుపెడతాను? వాళ్లమ్మ చెయ్యి సంగతి కూడా చెప్పాను. గొంతు జీరబోయేలా చెప్పాను. పెద్దసారు ముందుకు వంగి విన్నాడు. పొద్దున్నుంచి ఇలా అడిగినవాళ్లు లేరని పక్కవాళ్లతో అన్నాడు. ఉద్యోగం నాదేనని నాకు అక్కడే తెలిసిపోయింది.

బయటికి వస్తే బెంచీ మీద జములమ్మ. తర్వాతి పిలుపు ఆమెదే. అప్పుడు తట్టింది. ఆమె కూడా లోపలికి పోయి అదే అడిగితే? అదే అమ్మ, అదే చెయ్యి! నా బండారం బయటపడదా? ఇంకో దారి లేకపోలేదు. నీ ప్రశ్న నేను అడిగేశానే, నన్ను తిట్టు అని ఉంటే, తిట్టేది, వీపు మీద రెండు వేసేది, లోపలికి పోయి ఇంకోటేదో అడిగేది. అడగడానికి ఆమెకేం కరువు? ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? నేను అనలేదు.

“ఏమన్నరే లోపల?” అని నా చెయ్యి పట్టుకుంది.

“జర జాగ్రత్తే,” అన్నాను. “ఎవరో ఫెయిల్ గురించి అడిగిండంట, పెద్దసారుకు కోపమొచ్చింది. నువ్వు ఏం అడగకు. ఏం లేదు సార్ అని దండం పెట్టి వచ్చెయ్.”

“గట్లనా! మంచిగ చెప్పినవ్ వే, లేకుంటె అడిగేస్తుంటి,” అని నా భుజం తట్టి లోపలికి పోయింది.

అలాగే చెప్పి వచ్చింది. ఏం లేదు సార్ అని. ఉద్యోగం నాకు వచ్చిందని తెలిసిన రోజు, వడ్డేపల్లి నుంచి బస్సెక్కి వచ్చి నన్ను కావలించుకుంది. ఆ తర్వాత ఆమె నాగర్‌కర్నూల్‌లో, అచ్చంపేటలో, ఇంకా ఎక్కడెక్కడో ఇంటర్వ్యూలకు పోయింది. ప్రతిచోటా చివర్లో ఏం లేదు సార్ అనే చెప్పిందట. నువ్వు చెప్పినట్లే చేస్తున్నా వే అని ఫోన్‌లో చెప్పేది. విని, ఊ కొట్టేదాన్ని. ఒక్కసారి కూడా కాదనలేదు. ఛీ, మనిషి జన్మా నాది?

చివరికి ఆమె వాళ్ల చేనులోనే ఉండిపోయింది.

మరి ఆ ప్రశ్నకు నేనేమైనా న్యాయం చేశానా? ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కసారి మేనేజర్‌ను అడిగాను. ఆయన నవ్వి, “ఇంటర్వ్యూల అడిగినవ్ కదమ్మా, ఉద్యోగమొచ్చింది కదా, ఇంకెందుకు పరేషాన్?” అన్నాడు. నేనూ నవ్వాను. మళ్లీ అడగలేదు. ఫెయిలైనవాళ్లకు ఫోన్ చేసి ఫెయిలని చెప్పడం, ఎందుకని అడిగితే తెల్వదనడం, అదే నా పనైపోయింది. చెప్పి చెప్పి నాలుక మొద్దుబారింది.

పోయిన ఏడు వడ్డేపల్లి దిక్కు పల్లెలు నాకు వచ్చాయి. ఫెయిలైనవాళ్లలో జములమ్మ నాయిన ఉన్నాడు. ఫోన్‌లో చెప్పలేక బండేసుకుని ఇంటికే పోయాను. చుట్టుపక్కల చాలా చేలవి కూడా ఫెయిలయ్యాయి. అంటే నాటమని మా కంపెనీ ఇచ్చిన విత్తనంలోనే ఏదో తేడా ఉండొచ్చు. పై వాళ్లను గట్టిగా అడిగితే తెలిసేదే. అడగకుండానే పోయాను. విషయం చెప్పగానే వాళ్లమ్మ, “నేను వద్దంటె ఇనలే. మల్ల నాతోనే చేపిచ్చిండ్రు. నా చెయ్యి గసుంటిది,” అని కళ్లొత్తుకుంది. వాళ్ల నాయిన నా వైపు తిరిగి, “బిడ్డా, ఎందుకట్ల అయిందంటవ్?” అని మొదలుపెట్టాడు.

జములమ్మ అడ్డం వచ్చింది. “ఊకో నాయినా, దాన్నేం అడుగుతవ్? అడిగితె పైవాళ్లకు కోపమొస్తది. దాని ఉద్యోగం మీదికి తెస్తవా ఏంది?”

నన్ను కాపాడింది. నా మీదికి మాట రాకుండా సొంత తండ్రి నోరు మూయించింది.

బండి దాకా వచ్చి సాగనంపుతూ, “నువ్వు గాబట్టి ఇంటికొచ్చి చెప్పినవ్,” అంది. అప్పుడే కాళ్ల మీద పడి చెప్పేయాలనిపించింది. చెప్పలేకపోయాను. “జములమ్మా, నన్నేమన్న అడుగుతవానే?” అన్నాను. అడిగితే చెప్పేద్దును. నిజంగా చెప్పేద్దును. ఆమె నా మొహంలోకి చూసింది. ఒకప్పుడు లెక్చరర్లను నిలబెట్టి అడిగిన మనిషి.

“ఏం లేదు వే,” అంది.

బండి ఎక్కి వచ్చేశాను. చెప్పాల్సింది ఆమెకని తెలుసు. మీకు చెబితే ఆమెకు చెప్పినట్టు కాదనీ తెలుసు. వాళ్లమ్మ ఇవాళ్టికీ తన చెయ్యినే తిట్టుకుంటోంది, నేను ఇవాళ్టికీ జీతం తీసుకుంటున్నాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు, అడగను. ఇన్నేళ్లలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు ఒకరికి చెప్పాను. ఇవాళ అన్నం సయించింది.