మధ్యలో ఆరు గంటలు

మా ఆఫీసులో ఆయన్ని అందరూ పెట్టెలాయన అనేవాళ్లు. పరాయి దేశానికి పనికొచ్చి చనిపోయినవాళ్లను పెట్టెల్లో పెట్టి విమానంలో సొంత ఊళ్లకు పంపే కాగితాలన్నీ ఇరవై ఆరేళ్లు ఆయన చేతి మీదుగానే వెళ్లాయి. పక్క బల్ల నాది. ఒక్క అక్షరం తేడా వస్తే నా మీద ఇంతెత్తున లేచేవాడు. మధ్యాహ్నం మాత్రం తన డబ్బాలోది నాకు కాస్త పెట్టందే ముద్ద ముట్టేవాడు కాదు.

ఆయనకొక నియమం ఉండేది. పోయినవాళ్ల ముఖం చూడడు. "కాగితాలు చూడ్డమే నా పని. ముఖాలు చూడ్డం మొదలెడితే మర్నాటి నుంచి ఇక్కడికి రాలేను" అనేవాడు. ఆస్పత్రివాళ్లు శవానికి కట్టిన చీటీ మీద నంబరు, పాస్‌పోర్టు నంబరు సరిపోయాయా లేదా, అంతే. అప్పట్లో నాకది మహా తెలివైన పద్ధతిగా కనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఒక బుధవారం ఓ తాపీమేస్త్రీ కాగితాలు వచ్చాయి. పరంజా మీంచి పడి, తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి పోయాడు. మర్నాడు నేరుగా ఊరికెళ్లే విమానంలో చోటు బుక్ చేశాం. అక్కడ అతని అన్న ఎదురుచూస్తున్నాడు. అంతా అయిపోయిందనుకుంటుండగా మేస్త్రీ భార్య ఫోన్ చేసింది. ఆమె వేరే దేశంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తోంది. మొగుణ్ని ఎదురుగా చూసి నాలుగేళ్లయింది.

"అన్నా, నాకు ఒక్కపూటే సెలవిచ్చారు. ఊరెళ్లి రావడం కుదరదు. ఆయన వెళ్లే విమానం మా మీదుగానే పోతుందట కదా. కాసేపు ఇక్కడ ఆపించలేరా?"

"విమానమంటే బస్సనుకున్నావామ్మా, చెయ్యెత్తితే ఆగడానికి?" అని పెట్టెలాయన ఫోన్ పెట్టేశాడు. పది నిమిషాలు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. తర్వాత, "ఆమె ఉన్న ఊళ్లో దిగే విమానాలేమున్నాయో చూడు" అన్నాడు.

నేరుగా వెళ్లే టికెట్ రద్దు చేసి, ప్రయాణాన్ని రెండు ముక్కలు చేశాడు. మధ్యలో ఆరు గంటల ఆగుడు. మామూలుగా దారిలో ఆగిన పెట్టె దగ్గరికి బయటివాళ్లను రానివ్వరు. అందుకని మొదటి ప్రయాణం కాగితం అక్కడితో ముగించి, అందుకునేది ఆమె అని రాశాడు. అక్కణ్నుంచి ఊరికి పంపేది కూడా ఆమే. పెట్టె మూతకు ముఖం దగ్గర చిన్న అద్దం బిగించమని వడ్రంగికి చెప్పాడు. ఒకరోజు ఆలస్యమెందుకని మేస్త్రీ అన్న తిట్టిపోస్తే, "చోటు దొరకలేదండీ" అని నా ముందే అబద్ధమాడాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఫోన్ చేస్తే ఆయన స్పీకర్లో పెట్టాడు. అక్కడి విమానాశ్రయంలో సరుకుల షెడ్డు లోపల ఉంది.

"అన్నా, అద్దం నిండా చెమ్మ. ఎంత తుడిచినా పోవట్లేదు."

"అది లోపలి వైపుదమ్మా. అరచెయ్యి ఆనించి ఉంచు. వేడికి పోతుంది."

ఫోన్లో బళ్లు తిరిగే చప్పుడు, ఎవరో తొందరపెడుతున్న అరుపు.

"కాస్త కనబడుతోందన్నా. పెదాలు, చుబుకం. అన్నా, మా ఆయనకి గడ్డం ఉంటుంది. ఈయనకి లేదు."

పెట్టెలాయన గబగబా ఆస్పత్రి కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు.

"ఆస్పత్రిలో గొట్టాలు పెట్టడానికి తీసేసుంటారమ్మా."

"ముఖం కూడా ఉబ్బిపోయింది, పోల్చుకోలేకపోతున్నా. వీళ్లు సంతకం పెట్టమంటున్నారు. నువ్వు చూశావు కదన్నా? మా ఆయనేనా?"

ఆయన నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"చూశానమ్మా. మీ ఆయనే."

అప్పుడు ఏడ్చిందామె. అంతవరకూ ఏడవాలో వద్దో తెలియక బిగబట్టుకుని ఉందని నాకప్పుడు అర్థమైంది. సంతకం పెట్టి పనికి వెళ్లిపోయింది.

ఆ పూట ఆయన డబ్బా మూత తీయలేదు. ఆస్పత్రి కాగితాలు ముందేసుకుని అవే నంబర్లు ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. "పొరపాటున ఇంకొకర్ని పంపించి ఉంటే?" అని ఒక్కసారే అన్నాడు. నంబర్లు సరిపోయాయి కదా అన్నాను. "నంబర్లకేం, సరిపోతాయి" అన్నాడు.

ఆదివారం సెలవైనా ఇద్దరం ఆఫీసుకొచ్చి కూర్చున్నాం. పదింటికి మేస్త్రీ అన్న నుంచి ఫోన్. ఎత్తీ ఎత్తగానే గొంతు చించుకుని అరుస్తున్నాడు, నాక్కూడా వినబడుతోంది. "ఒకరోజు ఆలస్యం చేసింది చాలక, మావాడి గడ్డం తీసేస్తారా? పదహారేళ్ల నుంచి పెంచుకున్న గడ్డం! ఎవడు తీయమన్నాడయ్యా?"

"తప్పయిందండీ" అన్నాడు పెట్టెలాయన. "తప్పయింది, క్షమించండి" అంటూనే భోరుమన్నాడు. అవతలివాడు కంగారుపడి ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా ప్రతి పెట్టె దగ్గరికీ వెళ్లి ముఖం చూసేవాడు. ఆ ఆదివారం మాత్రం కళ్లు తుడుచుకుని, ఆమెకు చెబుదామని ఫోన్ తీశాడు. నంబరు సగం నొక్కి ఆగిపోయాడు. ఆమెతో చెప్పడానికి ఇక ఏమీ లేదు. మీ ఆయనే అని శుక్రవారమే చెప్పేశాడు.