ఇంజను చల్లారేదాకా

పొద్దున్నుంచి కోసిన కాఫీ పళ్లు వాగొడ్డున సంచుల్లో ఎర్రగా మగ్గుతున్నాయి. ఇవాళే తొక్క ఒలిచి తీరాలి. రేపటికి పులుస్తాయి, గింజకు ఆ కంపు పట్టుకుంటే ఇక వదలదు. సరిగ్గా అప్పుడే, మొదటి సంచి సగం కూడా కాకముందే, ఒలిచే మిషన్ను తిప్పే చిన్న ఇంజను దగ్గి ఆగిపోయింది.

అసారో లోయలోని ఆ పల్లె ఆడవాళ్లంతా కలిసి కొనుక్కున్న ఇంజను అది. దాని బాగోగులు చూడమని అనూమో చేతికి అప్పగించిందీ వాళ్లే. ఆమె ఇంజనును రాజేసే తాడు లాగి చూసింది. నానిన నేలలోంచి గడ్డిపరక వచ్చినంత తేలిగ్గా వచ్చేసింది. లోపల గాలి నిలవడం లేదు. వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట.

దీని తల ఎవరు విప్పారని అడిగింది.

మరిది లోపియే నేల చూపులు చూశాడు. ఇంజను టిక్కుటిక్కుమంటుంటే చిరాకేసిందట. నిన్న పైమూత తీసి, ఆ చప్పుడు పోయేదాకా లోపలి నట్టు బిగించాడట.

"ఎంత నిమ్మళంగా నడిచిందో చూశావుగా వదినా."

"చూశాను. నిమ్మళంగానే చచ్చింది."

వేడెక్కిన ఇనుము సాగుతుంది. వాల్వు కాడకూ దాన్ని నొక్కే మీటకూ నడుమ, ఆ సాగుదల కోసం వెంట్రుకంత చోటు వదలాలి. ఆ చోటునే లోపియే మూసేశాడు. సరిచేయడం ఎంతసేపో పట్టదు. కానీ ఇంజను పూర్తిగా చల్లారాక కొలిస్తేనే అది కొలత. అనూమో దాని పక్కనే చతికిలబడి చిలగడదుంపలు ముందేసుకుని ఒలవసాగింది.

వాగు నీళ్లు పోస్తే పోలేదా అని ఎవరో అన్నారు. వేడి మీద పోస్తే ఇంజను తల చీలుతుందని అనూమో చెప్పింది. లోపియే ఓ అరటాకు చింపుకొచ్చి, జ్వరం వచ్చిన బిడ్డకు విసిరినట్టు ఇంజనుకు విసరసాగాడు. ఆడవాళ్లు నవ్వారు గానీ, కళ్లు సంచుల మీదే ఉన్నాయి.

"ఒలవాల్సింది దుంపలు కాదే కోడలా," అంది అత్త.

అనూమో ఇంకో దుంప అందుకుంది. ఒకసారి పానా చేతిలోకి తీసుకుంది కూడా. మడిచిన వేళ్ల వెనుకభాగం ఇంజనుకు ఆనించింది. ఇంకా గోరువెచ్చగా ఉంది. పానా కింద పెట్టేసింది. కొండ మీంచి మబ్బు దిగి, ఎర్రటి పళ్ల సంచులను ఒక్కొక్కటిగా కప్పుకుంటూ వచ్చింది.

చివరికి ఇంజను వాగులోని రాయిలా చల్లబడింది. ఆమె పైమూత తీసి, చక్రాన్ని మెల్లగా తిప్పి, పిస్టను పైకొచ్చి వాల్వులు రెండూ మూసుకునే చోట ఆపింది. నట్టు వదులు చేసి, చోటు కొలిచే పల్చటి ఉక్కురేకును మీట కిందికి తోసింది. ఆకు మీద నత్త కదిలినట్టు రేకు కాస్త పట్టుపట్టి జారేదాకా మరమేకు తిప్పింది. మరమేకు కదలకుండా పట్టుకుని నట్టు బిగించి, మళ్లీ కొలిచింది. తర్వాత రెండో వాల్వునూ అలాగే సరిచేసి మూత పెట్టేసింది.

ఈసారి తాడు బరువుగా వచ్చింది, చేతిని వెనక్కి గుంజింది. రెండో లాగుకు ఇంజను అందుకుంది. టిక్కు, టిక్కు.

"మళ్లీ మొదలుపెట్టింది వదినా."

"పెట్టనీ. ఆ చప్పుడు ఆగిన రోజు నన్ను పిలువు. నట్టు జోలికి పోకు."

అత్త అప్పటికే తర్వాతి సంచి మూతి విప్పింది. ఎర్రతొక్క ఓ పక్కకు రాలుతుంటే, జిగురు గింజలు తెల్లగా, తడిగా తొట్టిలోకి జారసాగాయి. అనూమో దోసెడు తీసుకుని వాసన చూసింది. తియ్యగానే ఉంది.