ఇరవై పాత్రల గ్రాంటు

ఆదోనిలో మా బట్టలంగడికి ఒకటే నియమం. కొనేవాడు సగానికి అడుగుతాడు కాబట్టి అమ్మేవాడు రెట్టింపు చెప్పాలి. తర్వాత ఇద్దరూ అలగాలి. నటనలో నాకున్న అనుభవం అంతే.

డెబ్బైల చివర్లో, మాకు చీరలు నేసే ఎమ్మిగనూరు నేతగాడొకాయన నాటకం రాశాడు. ఏళ్ల తరబడి పౌరాణికాల్లో వేషాలు కట్టినవాడు, సొంతంగా రాయడం అదే మొదలు. మగ్గం అమ్ముకునే ఇంటి కథ, నాలుగే పాత్రలు. కొత్త నాటకాలకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందని తెలిసింది. అది రాకపోతే తెరల్లేవు, లైట్లు లేవు, నాటకం ట్రంకుపెట్టెలోనే. బాగా మాట్లాడతానని నన్ను కర్నూలుకు వెంటబెట్టుకుపోయాడు.

పాత్రల లెక్కనే గ్రాంటట, ఎన్ని పాత్రలని ఆఫీసరు అడిగాడు. నేతగాడు నోరు తెరిచేలోపే నేను ఇరవై అన్నాను. సర్కారు సగం కోస్తుంది, మిగిలినదాంట్లో మళ్లీ సగం కోస్తుంది, ఎంత కోసినా మా నలుగురూ దక్కుతారని నా ఆలోచన. ఆఫీసరు కోయలేదు. రాసుకున్నాడు. నేనే దిగొచ్చాను.

"పదైదుకైనా పర్వాలేదు సార్," అన్నాను.

"అంటే ఐదుగురు అబద్ధమా?"

"లేదు సార్. ఇరవయ్యే."

రిహార్సలు చూస్తానని, ఇరవై మందీ కనబడితేనే మంజూరని చెప్పాడు. తిరుగుబస్సు ఎమ్మిగనూరులో దిగేటప్పుడు నేతగాడు, "నేను రాసింది నాటకమప్పా, జాతర గాదు," అన్నాడు.

తక్కువైన పాత్రలకు మా బజారు షావుకార్లను పట్టుకొచ్చాను. వాళ్లకోసం నేతగాడు సంత సీను కలిపాడు. అందులో ఆయన ఆఖరి చీర అమ్మకానికి తెస్తాడు. షావుకారు వేషంలో నేను కరిగిపోయి, చెప్పిన ధరకే కొనాలి.

రిహార్సలు మా గోడౌనులో. ఆఫీసరు ముందు కుర్చీలో కూర్చున్నాడు. నేతగాడు వణికే గొంతుతో ధర చెప్పాడు. నా మాట నాకు గుర్తుంది, నోరు మాత్రం రాలేదు. చీర అంచు తిప్పి చూశాను. వెలుతురుకు పట్టాను.

"ఏమన్నా సూసి సెప్పన్నా," అన్నాను.

వెనక షావుకార్లంతా తేలిగ్గా ఊపిరి వదిలారు. రంగు నిలుస్తుందా అని ఒకాయన అడిగాడు కూడా. నేతగాడు వేషం వదల్లేదు.

"ఇల్లు కూలిపోతాంటే నీకు రంగు గావాల్నా?"

అలవాటు కొద్దీ చీర వదిలేసి గుమ్మం వైపు నడిచాను. పిలుస్తాడు కదా. పిలవలేదు. గడప దాటినా పిలవలేదు. బయట నిలబడి దగ్గాను. అప్పటికీ పిలవలేదు. బేరం వదిలిపోయినవాణ్ని నాకై నేను తిరిగి రావడం జన్మలో అదే మొదటిసారి.

"సరే. నువ్వు సెప్పిన ధరకే ఇయ్యి," అన్నాను. అందులో నటన రవ్వంత కూడా లేదు.

ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంత సహజమైన నటన జిల్లాలోనే చూడలేదన్నాడు. గ్రాంటు మంజూరన్నాడు. ఇంకో నాటకం రాయమని, దానికి పాత్రలెన్నని అడిగాడు.

నేతగాడు ముందు నా నోరు మూశాడు. "ఇద్దరు సార్."

"ఇద్దరేనా? నలుగురన్నా ఉండాలయ్యా."

ఆయన అరచెయ్యి నా నోటి మీదే ఉంది. నేను మూడు వేళ్లు చూపించాను.